మధుమేహము – వంశము – గణితము

"మా తండ్రిగారికి మధుమేహము. మా పినతండ్రిగారికిని అదియే. ఇక నాకు తప్పునా?" ఈ ప్రశ్న వినబడని ఇల్లు నేడు మన ప్రాంతమున అరుదు. ఆరోగ్య ప్రసంగము వెలువడిన వారమున మాకు వచ్చు ఉత్తరములలోను ఈ ప్రశ్నయే ముందుండును. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి, 2023లో ప్రకటింపబడిన సర్వే, మన దేశమున 10 కోట్లకు మించిన జనులు ఈ వ్యాధిగ్రస్తులని అంచనా వేసినది. కావున ఇది ఒక ఇంటి ప్రశ్న కాదు, దేశపు ప్రశ్న.

ప్రశ్న క్రొత్తది కాదు. సుశ్రుత సంహిత చికిత్సా స్థానమున ప్రమేహము రెండు తెగలుగా విభజింపబడినది: పుట్టుకతో వచ్చు సహజము ఒకటి, ఆహార విహారముల దోషమువలన వచ్చు అపథ్యనిమిత్తము మరియొకటి. వంశము, నడవడి అను రెండు మూలములను మన ప్రాచీన వైద్యులు ఇట్లు స్పష్టముగా గుర్తించిరి. కాని ఒక రోగియందు, లేదా ఒక ఊరియందు, ఏ మూలమునది ఎంత పాలు? ఈ "ఎంత" అను చిన్న మాటకు జవాబు చెప్పవలెనన్న వైద్యునకు నాడి చూచు నేర్పు ఒక్కటియే చాలదు. లెక్కలు కట్టు వాని తోడును కావలెను. ఆ తోడు ఎట్లు కుదిరెనో, దాని ఫలితముగా రోగి పడకయొద్ద ఏమి మారెనో చెప్పుట ఈ ప్రసంగపు ఉద్దేశము.

కథ వ్యాధితో గాక మనుష్యుల ఎత్తుతో ఆరంభమగును. 1886లో ఇంగ్లండున ఫ్రాన్సిస్ గాల్టన్ 205 దంపతుల ఎత్తులను, వారి సంతానమైన 928 మంది వయోజనుల ఎత్తులను ఒక పట్టికయందు కూర్చెను. పొడవరులైన దంపతుల బిడ్డలు పొడవరులే అయిరి. అయినను సగటున తల్లిదండ్రులంతటి వారు కాలేదు. పొట్టివారి బిడ్డలు పొట్టివారే అయినను తల్లిదండ్రులకంటె కొంత మేలుగా నుండిరి. సంతానము సగటువైపునకు మరలుచున్నదని గాల్టన్ గ్రహించెను. వంశ సామ్యమును అంకెలతో కొలువవచ్చునని లోకమునకు తెలిపిన పట్టిక అది.

అంతకు రెండు దశాబ్దములకు మునుపే, 1865లో, బ్రన్ నగరపు సన్న్యాసి గ్రెగర్ మెండెల్ బఠానీ మొక్కలపై తాను చేసిన ప్రయోగములను ఒక విద్వత్సభయందు చదివియుండెను. గింజ నున్నగా నుండును, లేదా ముడుతలు పడి యుండును. నడిమి రకము లేదు. తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి చొప్పున విడివిడి అంశములు సంతానమునకు సంక్రమించునని మెండెల్ నిర్ణయించెను. వానినే మనమిప్పుడు జన్యువులనుచున్నాము. మెండెల్ మాటను లోకము 1900 వరకు పట్టించుకొనలేదు. పట్టించుకొన్న వెంటనే వివాదము పుట్టెను. మెండెల్ పక్షమున బేట్సన్ నిలిచెను. గాల్టన్ పక్షమున కార్ల్ పియర్సన్, వెల్డన్ నిలిచిరి. "బఠానీ గింజ రెండే తెగలు, మనిషి ఎత్తు మెట్లు లేని వాలువంటిది. ఈ రెంటికిని ఒకే సూత్రము ఎట్లు వర్తించును?" అన్నది వాద సారాంశము.

ఈ కలహమును తీర్చినవాడు రోనాల్డ్ ఫిషర్. చూపు మందము కావున మొదటి ప్రపంచ యుద్ధమున సైన్యమున చేర్చుకొనబడక, పాఠశాలలలో గణితము చెప్పుచు, తీరిక వేళల ఈ సమస్యను విప్పెను. లండను రాయల్ సొసైటీకి పంపిన వ్యాసమును పియర్సన్, పన్నెట్ అను ఇద్దరు పరిశీలించిరి. ఒకరు గాల్టన్ పక్షము, ఒకరు మెండెల్ పక్షము. ఇద్దరికిని అది పూర్తిగా రుచింపలేదు. తుదకు 1918లో ఎడింబరో రాయల్ సొసైటీవారు దానిని ప్రచురించిరి. అప్పటికి ఫిషర్ వయస్సు 28 సంవత్సరములు.

ఆ వ్యాసములోని గణితము కఠినము; తత్త్వము మాత్రము సులభము. ఒక గవ్వను విసరినచో అది వెల్లకిల పడును, లేదా బోర్ల పడును, రెండే గతులు. అది మెండెల్ బఠానీ. నూరు గవ్వలను ఒక్కమారుగ విసరి, వెల్లకిల పడినవానిని ఎంచుడు. మరల విసరుడు, మరల ఎంచుడు. వచ్చు అంకెలలో ఎక్కువ భాగము సగటు చెంత గుమిగూడును. మిక్కిలి ఎక్కువ, మిక్కిలి తక్కువ అంకెలు అరుదుగ వచ్చును. వానిని పటముగా గీసినచో మెట్లు కానరావు, వాలే కానవచ్చును. అనగా ఒక్కొక్క జన్యువు మెండెల్ సూత్రమునే పాటించుచున్నను, అట్టివి అనేకము కలిసి పనిచేసినపుడు గాల్టన్ చూచిన వాలే ఏర్పడును. తండ్రి కొడుకులకు, అన్నదమ్ములకు ఎంతెంత పోలిక యుండవలెనో ఫిషర్ ఈ సూత్రమునుండియే లెక్కకట్టి చూపెను. ఇరు పక్షములును సత్యమునే పలికినవి; ఒకరు గవ్వను చూచిరి, ఒకరు రాశిని చూచిరి.

ఎత్తును కొలువవచ్చును. వ్యాధి మాట వేరు. అది ఉన్నది, లేదా లేదు. కావున కుటుంబములను పరిశీలించిన వైద్యులు మొదట బఠానీ గింజవంటి సమాధానమునే వెదకిరి. 1933లో అమెరికాయందు పింకస్, ప్రిసిల్లా వైట్ అనువారు మధుమేహ రోగుల కుటుంబ వృత్తాంతములను సేకరించి, ఒకే జన్యువు దీనికి కారణమై యుండునని ప్రతిపాదించిరి. 1936లో లండనున హిమ్స్‌వర్త్, ఇన్సులిను మందునకు రోగులు స్పందించు తీరునుబట్టి మధుమేహము ఒక్కటి కాదు, రెండు జాతులని చూపెను. బాల్యముననే తరచుగ కనబడి ఇన్సులిను లేక నిలువనిది ఒకటి. నడివయస్సున మెల్లగ ప్రవేశించునది మరియొకటి. మన ఇండ్లలో ఎక్కువగ వినవచ్చునది ఈ రెండవది. ఒకే జన్యువు అను ఊహతో ఈ రెండవదాని లెక్కలు సాధారణముగా సరిగా కుదరలేదు.

ఈ చిక్కును విడదీసినది ఎడింబరో నగరమునకు చెందిన ఫాల్కనర్. 1965లో ఆయన ఒక సాధారణ పద్ధతిని వివరించి, 1967లో దానిని ప్రత్యేకముగా మధుమేహమునకు అన్వయించెను. దానిని మన చెరువుతో పోల్చి చెప్పుకొనవచ్చును. చెరువులోనికి అనేక కాలువలనుండి నీరు వచ్చును. పైన వాన కురియును. నీరు అలుగు మట్టమునకు ఒక్క అంగుళము తక్కువగ నున్నను ఊరివారికి ప్రవాహము కానరాదు. ఒక్క అంగుళము మించినంతనే అలుగు పారును. చూచువారికి "పారినది, పారలేదు" అను రెండే స్థితులు. లోపలి నీటి మట్టమో, అంగుళ అంగుళముగ పెరుగునది. తాత ముత్తాతలనుండి వచ్చినవి కాలువలు. తిండి, సోమరితనము, స్థూలకాయము, వయస్సు అనునవి వాన. ఎవని చెరువు అలుగు దాటెనో వాడు రోగి యనిపించుకొనును.

ఫాల్కనర్ లెక్కకు రెండు అంకెలు చాలును. ఊరి జనులలో నూటికి ఎందరికి వ్యాధి కలదు? రోగుల తోబుట్టువులలో నూటికి ఎందరికి కలదు? ఉదాహరణకు మొదటిది నూటికి ఒకటి, రెండవది నూటికి ఐదు అనుకొందము. అప్పుడు తోబుట్టువుల చెరువులలో నీటి మట్టము సగటున ఊరివారికంటె ఎంత హెచ్చుగ నున్నదో గణితము చెప్పును. దానినుండి జనుల మధ్య గల తేడాలలో వంశపు పాలు ఎంతయో తేలును.

ఇచట శ్రోతలు ఒక సూక్ష్మమును గమనింపవలెను. ఈ పాలు సమూహమునకు చెందినది, వ్యక్తికి చెందినది కాదు. "వంశపు పాలు సగము" అనగా ఒక రోగి వ్యాధిలో సగము తాతది, సగము తనది అని అర్థము కాదు. ఆ కాలమున, ఆ ప్రజలలో, మనిషికి మనిషికి గల తేడాలలో సగము వంశ భేదముల వలన కలిగినవని మాత్రమే అర్థము. తిండి మారినచో, కాలము మారినచో ఆ పాలును మారును.

కవల పిల్లలు ఈ విచారణకు ప్రకృతి యిచ్చిన సాక్షులు. ఒకే అండమునుండి పుట్టిన కవలలకు జన్యువులు సమానము. 1981లో లండనున డేవిడ్ పైక్ బృందము అట్టి 200 జతల వృత్తాంతము ప్రకటించెను. ఇన్సులినుపై ఆధారపడు వ్యాధి గల 147 జతలలో 80 జతలయందు ఇద్దరును రోగులు. 67 జతలయందు ఒక్కరే రోగి. రెండవ జాతి వ్యాధి గల 53 జతలలో 48 జతలయందు ఇద్దరును రోగులు. బాల్యమున వచ్చునది వంశమువలనను, ముదిమిని వచ్చునది అలవాట్లవలనను అని తలచినవారికి ఈ అంకెలు తలక్రిందులుగ తోచినవి. ఇద్దరును రోగులైన కవలలే వైద్యుని దృష్టికి సులభముగ వత్తురు గావున ఈ అంకె కొంత హెచ్చుగ నుండవచ్చును. అయినను నడివయస్సు మధుమేహమునకు వంశబలము కలదనుట స్థిరపడెను.

వంశము కలదు సరే. ఆ జన్యువు లెక్కడ? ఈ శోధకు దారి చూపినవారిలో జె. బి. ఎస్. హాల్డేన్ ముఖ్యుడు. 1937లో ఆయనయు జూలియా బెల్ అను విదుషియు, రక్తము గడ్డకట్టని హీమోఫీలియా వ్యాధి జన్యువు, వర్ణాంధత జన్యువు ఒకే క్రోమోసోముపై ఇరుగుపొరుగున నున్నవని కుటుంబ వృత్తాంతములనుండి లెక్కకట్టి చూపిరి. ఇరుగుపొరుగువారు కలిసి ప్రయాణము చేయుదురు. తెలిసిన గురుతు వెంట తెలియని వ్యాధి తరతరములుగ నడచుచున్నదా యని చూచుటయే ఈ పద్ధతి. 1955లో న్యూటన్ మోర్టన్ దీనికి కట్టుదిట్టమైన కొలమానము కల్పించెను. వేయికి ఒకటి పందెముగా నిదర్శనము తేలిననే గాని పొరుగుదనమును ఒప్పరాదని ఆయన నియమము.

హాల్డేన్ మనకు పరాయివాడు కాదు. 1957లో ఆయన భారతదేశమునకు తరలి వచ్చి కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటున చేరెను. తుది దినములు భువనేశ్వరమున గడపి 1964లో కాలధర్మము చెందెను. తన దేహమును కాకినాడ రంగరాయ వైద్య కళాశాల విద్యార్థుల పరిశోధనకు అర్పించెను. అట్లే ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివిన సి. ఆర్. రావుగారు కేంబ్రిడ్జిలో ఫిషర్ కడ శిష్యులై, ఆయన ప్రయోగశాలయందలి ఎలుకల జన్యువుల పొరుగుదనమును లెక్కించిరి. 2023లో మరణించువరకు సాంఖ్యక శాస్త్ర ప్రపంచమున వారు అగ్రగణ్యులు.

పొరుగుదనపు పద్ధతి ఒకే జన్యువు వలన వచ్చు వ్యాధులలో ఘన విజయము పొందెను. 1983లో హంటింగ్టన్ వ్యాధి జన్యువు చోటు తెలిసెను. 1989లో సిస్టిక్ ఫైబ్రోసిస్ జన్యువు చేతికి చిక్కెను. మధుమేహమువద్ద మాత్రము ఈ వల చినిగెను. చేప ఒక్కటి కాదు. వందల కొలది చిన్న పరిగెలు. 1996లో నీల్ రిష్, కాథ్లీన్ మెరికంగస్ అనువారు వల మార్చవలెనని గణిత యుక్తులతో నిరూపించిరి. కుటుంబములను వెంబడించుటకు మారు, సంబంధము లేని వేలాది రోగులను, వేలాది ఆరోగ్యవంతులను ప్రక్కప్రక్కన నిలిపి, ఏ జన్యు భేదము రోగులలో తరచుగ నున్నదో లెక్కింపుడని వారి సలహా.

కాని ఇట్లు లక్షల చోట్ల వెదకునపుడు మోసపోవుట సులభము. ఇరువదింట ఒకమారు కాకతాళీయముగ జరుగుదానిని నిదర్శనముగ స్వీకరించుట సామాన్య పరిశోధనలలో వాడుక. పది లక్షల చోట్ల వెదకి అదే కొలతను వాడినచో 50,000 అబద్ధములు నిజముల వేషమున వచ్చి నిలుచును. కావున కాకతాళీయముగ జరుగుటకు 2 కోట్లలో ఒక్క అవకాశము మాత్రమే యున్న దానినే అంగీకరింపవలెనను కఠిన నియమము ఏర్పడెను. ఈ నియమము లేక మునుపు ప్రకటింపబడిన "వ్యాధి జన్యువులు" అనేకము మరల వెదకినపుడు కానరాకుండ పోయినవి.

2006లో ఐస్‌లాండు పరిశోధకులు పదవ క్రోమోసోముపై టి.సి.ఎఫ్.7.ఎల్.2 అను జన్యువునందు మధుమేహమునకు తోడ్పడు భేదమును కనుగొనిరి. అట్టి భేదము ఒక ప్రతి యున్నచో వ్యాధి వచ్చు అవకాశము సుమారు 1.4 రెట్లగును. 2007లో బ్రిటనున ఏడు వ్యాధులకు ఒక్కొక్కదానికి సుమారు 2,000 మంది రోగులను, అన్నింటికి ఉమ్మడిగ 3,000 మంది ఇతరులను పరీక్షించిన మహా ప్రయత్నము దీనిని బలపరచెను. అదే 2007లో హైదరాబాదు కణ, అణు జీవశాస్త్ర కేంద్రమునకు చెందిన చందక్ బృందము, పూణే వైద్యుల సహకారముతో, ఈ భేదము భారతీయులయందును అట్లే వర్తించునని చూపెను. 2024లో ప్రకటింపబడిన అంతర్జాతీయ పరిశోధనయందు 25 లక్షలకు పైబడిన జనులు లెక్కకు వచ్చిరి. వారిలో 4,28,452 మంది రోగులు. మధుమేహముతో సంబంధము గల చోట్లు 611 తేలినవి. ఫిషర్ ఊహించిన గవ్వలు ఇట్లు ఒక్కొక్కటిగ కంటికి కనబడినవి.

ఇక అసలు ప్రశ్న. ఈ లెక్కలవలన రోగికి ఒరిగినదేమి? రెండు ఉదాహరణములు చెప్పెదము.

మొదటిది పసిబిడ్డలది. పుట్టిన ఆరు మాసములలోపల మధుమేహము కనబడు బిడ్డలు అరుదుగ నుందురు. వారికి జీవితాంతము ఇన్సులిను సూదులే గతి యని తలచెడివారు. 2004లో ఇంగ్లండు నందలి ఎక్సెటర్ పరిశోధకులు, అట్టి బిడ్డలలో కొందరికి ఒకే జన్యువునందలి మార్పు కారణమని కనుగొనిరి. ఆ మార్పు క్లోమమునందలి ఒక ద్వారమును మూయనీయదు. పాతకాలపు చవుక మాత్ర యొకటి ఆ ద్వారమును మూయగలదు. 2006లో ప్రకటింపబడిన ఫలితములలో 49 మంది రోగులకు మాత్రలు ఇయ్యగా 44 మంది ఇన్సులిను సూదిని మానగలిగిరి. పసివాని మేనికి దినదినము సూది గ్రుచ్చుచు వచ్చిన తల్లికి ఇంతకు మించిన వరమేమి కలదు?

రెండవది మన అందరిది. అమెరికాయందు మధుమేహపు అంచున నున్న 3,234 మందిపై జరిగిన పరిశోధన 2002లో వెలువడెను. మితాహారము, వ్యాయామము, బరువు తగ్గుట అను నియమములు పాటించినవారిలో వ్యాధి సోకుట 58 శాతము తగ్గెను. మాత్రలు వాడినవారిలో 31 శాతము తగ్గెను. 2006లో ఫ్లోరెజ్ మొదలగువారు అదే జనులలో టి.సి.ఎఫ్.7.ఎల్.2 భేదమును పరీక్షించిరి. తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి చొప్పున రెండు చెడు ప్రతులను పొందినవారికి, ఏ నియమమును పాటింపనపుడు వ్యాధి తొందరగ సోకెను. కాని నియమముతో జీవించినవారిలో ఆ దుష్ఫలము చాలవరకు అణగిపోయెను. అనగా కాలువ నిండుగ పారిన చెరువునకును, వాన తగ్గినచో అలుగు దాటని యవకాశము కలదు. 2006లోనే చెన్నపట్టణపు వైద్యులు రామచంద్రన్ గారి బృందము మన దేశీయులు 531 మందిపై జరిపిన పరిశోధనయందు, నడవడి మార్పువలన వ్యాధి సోకుట 28.5 శాతము తగ్గినది.

ఈ చరిత్రయందు చీకటి పుటయు కలదు. దానిని దాచుట న్యాయము కాదు. ఉత్తమ వంశములను పెంచి అధమ వంశములను తుంచవలెనను సిద్ధాంతమునకు 1883లో పేరు పెట్టినది గాల్టనే. ఫిషర్ కూడ దానిని ఆదరించెను. ఆ సిద్ధాంతము పేర అమెరికాలోని పలు రాష్ట్రములలోను, 1933 శాసనము తరువాత జర్మనీలోను, వేలాది మందికి బలవంతముగ సంతానము లేకుండ చేసిరి. సమూహమునకు చెందిన సగటును తెచ్చి ఒక మనిషి నొసట వ్రాతగ వ్రాయుటయే ఆ పాపమునకు మూలము. పెండ్లిచూపులనాడు "వారి వంశమున చక్కెర వ్యాధి కలదట" యని ఒక పిల్లను కాదనువారు ఆ తప్పునే చిన్న తీరున చేయుచున్నారు.

మనకు సంబంధించిన లోటు మరియొకటి కలదు. ఈ మహా పరిశోధనలలో లెక్కింపబడినవారిలో అత్యధికులు ఐరోపా సంతతివారు. వారి అంకెలతో కట్టిన జోస్యము మనవారియందు అంత సరిగ ఫలింపదని 2019 నాటికే రుజువైనది. మన సమాజ నిర్మాణము వేరు. 2017లో ప్రకటింపబడిన పరిశోధనయందు దక్షిణాసియాలోని 260కి పైగా సమూహములను పరీక్షింపగా, 81 సమూహములు కొద్దిమంది పూర్వులనుండి పెరిగి, తమలో తామే వివాహములాడుచు వచ్చినవని తేలెను. అట్టివారియందు ఇతరులకు లేని జన్యు భేదములు నిలిచియుండును. 2025 జనవరిలో భారత జీనోము ప్రణాళికవారు సుమారు 10,000 మంది భారతీయుల జన్యు లిపిని పరిశోధకులకు అందుబాటున నుంచిరి. 140 కోట్ల జనాభాకు ఇది తొలి చేరెడు గింజలు. అయినను విత్తనమునకు గింజ కావలసినదే. మన ఆసుపత్రులు రోగుల చరిత్రలను శ్రద్ధగ వ్రాసి భద్రపరచినప్పుడే ఈ విత్తనము పండును.

తొలి ప్రశ్నకు వత్తము. తండ్రికి, పినతండ్రికి మధుమేహము కలదు, కొడుకునకు తప్పునా? నూరేండ్ల గణితము ఇచ్చు జవాబు ఇది: అతని చెరువున నీరు ఇతరులకంటె హెచ్చుగ నుండుట సంభవము, అలుగు పారి తీరునని చెప్పుటకు వీలు లేదు. అట్టివాడు తన వంశ వృత్తాంతమును వైద్యునకు దాచక చెప్పవలెను. పొరుగువానికంటె ముందుగ, పొరుగువానికంటె తరచుగ రక్తపరీక్ష చేయించుకొనవలెను. తిండిని, నడకను తన చేతిలో నుంచుకొనవలెను. కాలువలు త్రవ్వినవారు పూర్వులు. గట్టునకు కావలి యుండవలసినవారు మనము.